టీచరమ్మకు నడక నేర్పబోయి

నడవలేని వాళ్లను నడిపించడం నా ఉద్యోగం. రిటైరయ్యేదాకా సర్కారు దవాఖానల్లో అదే పని చేశాను. ఫిజియోథెరపిస్టు అనే మాట మా పాలమూరు ముసలివాళ్ల నోటికి తిరగదు కాబట్టి నన్ను "ఎక్సర్‌సైజు సారు" అనేవాళ్లు. ఒకామె "కాళ్లు గుంజే సారు" అని పిలిచేది. ఆలోచిస్తే అదే సరైన పేరు.

ఇప్పుడు కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "సార్, మీ సర్వీసులో పెద్ద కేసు ఏది?" అని అడుగుతుంటారు. పక్షవాతంతో పడిపోయిన మనిషిని పరుగెత్తించిన కథేదో చెప్తానని వాళ్ల ఆశ. నాకు మాత్రం నా మాట ఒక్కటంటే ఒక్కటి కూడా వినని పేషెంటు గుర్తొస్తుంది. ఆమె ముందు నేను ఓడిపోయాను. ఓడిపోయిన తీరు మాత్రం చెప్పుకోదగ్గది.

తెలంగాణ వచ్చి, మా పెద్ద జిల్లా ముక్కలై చిన్న చిన్న జిల్లాలైన తరువాతి సంగతి ఇది. నేను రిటైర్మెంటుకు దగ్గర పడ్డాను. ఒకనాడు పొద్దున ఆడవాళ్ల బొక్కల వార్డులోకి, అంటే ఎముకల వార్డులోకి, నా అలవాటు ప్రకారం చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్తున్నాను.

"ఎవరది? కాళ్లీడ్చుకుంట వస్తుండేది? కాళ్లు ఎత్తి నడువు!"

టక్కున కాళ్లెత్తాను. పరేడ్‌లో పోలీసులాగా కొన్ని అడుగులు వేశాక గాని, ఈ వార్డులో నడక గురించి చెప్పాల్సింది నేను కదా అన్న సంగతి తట్టలేదు. వెనక్కి తిరిగి చూశాను. కిటికీ పక్క మంచం మీద బక్కపలచని ముసలావిడ పడుకొని ఉంది. తుంటికి కట్టు, ముక్కు మీద కళ్లద్దాలు. అద్దాల పైనుంచి చూసే ఆ చూపు చూశానో లేదో, నా బట్టతల, బీపీ, ఉద్యోగం అన్నీ ఎగిరిపోయి ఏడో తరగతి పిల్లాణ్నయిపోయాను.

"టీచర్!"

"ఏ బ్యాచ్ రా నువ్వు?"

చెప్పాను. కాసేపు నా ముఖం పరికించి చూసి, "ఆఁ... ఒత్తులు మింగెటోనివి" అంది.

వార్డంతా విన్నది. సిస్టర్ చేతిలో సూది పట్టుకొని కిసుక్కున నవ్వింది. 'అక్క'ను 'అక' అని, 'పువ్వు'ను 'పువు' అని చదివిన పిల్లవాడిగా నేను ఆమె జ్ఞాపకంలో అన్నేళ్లు ఉండిపోయానన్నమాట.

ఆమె కోస్గి పక్క మా ఊరి బడికి తెలుగు టీచరుగా వచ్చినప్పుడు వయసులో చాలా చిన్నది. అమ్మానాయినలు కూలి చేసి చదివించారట. వాళ్ల వాడలో ఉద్యోగం చేసిన మొదటి మనిషి. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులు బడి. భర్త తొందరగా పోయాడు. ఒక్క కొడుకును చదివించుకుంది. కొడుకూ కోడలూ ఇద్దరూ నౌకరీలకు పోతుంటే మనుమరాలిని తనే సాకింది. రిటైరయ్యాక కూడా ఇంటి ముందు అరుగు మీద పిల్లలను కూర్చోబెట్టుకొని చదివించేది. మా చుట్టుపక్కల ఊళ్లలో ఆమె దగ్గర దెబ్బ తినని ఇల్లు లేదు. ఆ దెబ్బను గొప్పగా చెప్పుకోని మనిషీ లేడు.

"ఎట్ల పడ్డరు టీచర్?" అన్నాను.

ఆమె నోరు తెరిచేలోపే, మంచం పక్కన నిలబడ్డ మనుమరాలు అందుకుంది. ఆ అమ్మాయి బ్యాంకులో ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చి అవ్వ దగ్గర ఉంటోంది. "మా గోడ మీద ఓట్లోళ్లు రాసిపోయిండ్రు సార్. 'గెలిపించండి' అని రాసేకాడ 'గెలిపించంది' అని రాసిండ్రు. దాన్ని దిద్దుతనని అవ్వ స్టూలెక్కింది."

"దిద్దినంకనే పడ్డ," అంది టీచర్ గట్టిగా. ఆ ముక్క కేస్ షీట్‌లో రాయాలన్నట్టుగా.

పక్క మంచం మీద ఇంకో అవ్వ ఉంది. ఆత్మకూరు వైపు నుంచి వచ్చింది. సేద్యం చేసుకునే మనిషి, అక్షరం ముక్క రాదు. ఆమెను బర్రె తన్నింది. విరిగింది అదే తుంటి, ఆపరేషన్ కూడా అదే రోజు. తుంటి ఆపరేషన్ అయినవాళ్లను మర్నాటి నుంచే లేపి నిలబెట్టాలి. మంచానికి అతుక్కుపోతే వీపు పుండ్లు పడుతుంది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. ముసలివాళ్లను తీసుకుపోయేది విరిగిన బొక్క కాదు, మంచమే.

ఆత్మకూరు అవ్వకు ఈ మాట చెప్పగానే వాకరు పట్టుకొని లేచి నిలబడింది. "నన్ను తన్ని పండవెట్టిన అనుకుంటాంది ఆ బర్రె. జెల్ది పోయి దానికి నా ముఖం చూపియ్యాలె సారూ," అంది. ఇంత మంచి పట్టుదల నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఆమె అయిపోయాక టీచర్ మంచం దగ్గరికి వచ్చి, వార్డంతటికీ వినపడేలా హుషారుగా, "టీచర్! లేవండి, నిలబడదాం!" అన్నాను.

"రేపటిసంది చేద్దాం బిడ్డా. ఇయ్యాల మంగళారం."

"మీరు చర్చికి పోయేటోళ్లు గదా టీచర్, మీకు మంగళారం ఏంది?"

"నాకు లేకపోతె లేకపాయె. బొక్కకు ఉంటది."

అలా మొదలైంది. బుధవారం కడుపునొప్పి. గురువారం తల తిరుగుడు. శుక్రవారం కళ్లద్దాలు కనిపించడం లేదంది. దిండు కింద నుంచి తీసి ఇస్తే, "అరే, గక్కడెవరు వెట్టిండ్రు?" అని మనుమరాలి వైపు చూసింది. పడుకొని చేసే చిన్న చిన్న కసరత్తులు కొన్ని చెప్పాను. మడమ ముందుకూ వెనక్కూ ఆడించడం, మోకాలి కింద మడిచిన తువ్వాల పెట్టి నొక్కడం లాంటివి. నేను చూస్తున్నంతసేపు రెండుసార్లు ఆడించేది. నేను అటు తిరగగానే ఇటు కాలు నిద్రపోయేది.

"టీచర్, చెప్పినవి చేసిండ్రా?"

"చేసిన. నువ్వు రాకముందే చేసిన. కావాలంటే ఈ అవ్వనడుగు."

ఆత్మకూరు అవ్వ వెంటనే, "చేసింది సారూ. నా కండ్లతోటి చూసిన," అని సాక్ష్యం చెప్పేది. ఆమెకు రెండు కళ్లలోనూ శుక్లాలు. మూరెడు దూరంలో ఉన్నది మనిషో మంచమో గుర్తుపట్టలేదు.

ఇవన్నీ నాకు కొత్త సాకులు కావు. ఒక్కోటీ ఏడో తరగతిలో నేను స్వయంగా వాడినదే. ఆమె ఎన్నేళ్లో మా నోట విని విని, అన్నిట్లోకి గట్టివి ఏరి దాచుకున్నట్టుంది. చివరికి ఒకనాడు, "ఇయ్యాల మా అమ్మమ్మ సచ్చిపోయిన దినం బిడ్డా, మనసు మంచిగ లేదు," అంది.

"మీ అమ్మమ్మ ఎప్పుడు పోయింది టీచర్?"

"ఎప్పుడు పోతే ఏంది? నువ్వు ఒక్క సంవత్సరంల మీ అవ్వను ఎన్నిసార్లు సంపినవ్? నేను ఒక్కసారన్న అడిగిన్నా?"

సిస్టర్ నవ్వు ఆపుకోలేక మందుల గదిలోకి పారిపోయింది.

ఇక చూడ్డానికి వచ్చేవాళ్లు. టీచర్ పడిందన్న సంగతి కోస్గి నుంచి నారాయణపేట దాకా పాకింది. రోజూ మధ్యాహ్నం అయ్యేసరికి వార్డు ముందు చెప్పుల కుప్ప. తలలు నెరిసిన మనుషులు యాపిల్ పండ్ల కవర్లు పట్టుకొని వచ్చి, మంచం కాళ్ల దగ్గర చేతులు కట్టుకొని నిలబడేవాళ్లు. ఒక హెడ్ కానిస్టేబులు వచ్చాడు. ఆయన ఆమె ముందు కూర్చోలేదు, టోపీ తీసి చంకలో పెట్టుకొని, "నన్ను బెంచీ ఎక్కిచ్చిండ్రు టీచర్, యాదికున్నదా?" అని ఆనందంగా అడిగాడు. ఒక ఆటో డ్రైవరు, చర్చి పాస్టరు, కూరగాయల సేటు... అందరూ తమ తమ దెబ్బల గురించి ఒకరితో ఒకరు పోటీ పడి చెప్పుకునేవాళ్లు. ఆమె మహారాణిలా పడుకొని, "నీ బిడ్డ ఏం సదువుతాంది? నువ్వు తాగుడు బందు చేసినవా?" అని ఒక్కొక్కరినీ విచారించేది. వాళ్ల మధ్యలోకి నేను వాకరు పట్టుకొని వెళ్లి, "టీచర్, ఒక్కసారి లేద్దామా?" అంటే, "పిల్లలొచ్చిండ్రు గదా. రేపు చూద్దాం," అనేది. పిల్లలంటే యాభై ఏళ్లు దాటిన ఆ కానిస్టేబులూ, ఆ సేటూ.

నాకు పౌరుషం వచ్చింది. ఆమె మందు ఆమెకే వేద్దామనుకున్నాను. మర్నాడు మంచం ముందు నిటారుగా నిలబడి, సరిగ్గా ఆమె గొంతుతో, "రేపు రేపు అనేటోనికి రేపే మిగులుతది, ఇయ్యాల మిగలది," అన్నాను.

ఆమె మెచ్చుకోలుగా చూసింది. "మంచిగ చెప్పినవ్. ఎవరు నేర్పిండ్రు?"

"మీరే టీచర్."

"మరి నేర్చుకోవాల్సింది నువ్వు గదా? నేను గాదు."

ఇట్లా నవ్వుకుంటూనే వారం దాటిపోయింది. అప్పుడు నవ్వు తగ్గింది. ఆమెకు దగ్గు మొదలైంది. సిస్టర్ వీపు తుడుస్తుంటే నడుము కింద చర్మం ఎర్రబడి కనిపించింది. మా బొక్కల డాక్టరు కోస్తా వైపు నుంచి వచ్చిన కుర్రవాడు. పనిమంతుడే కాని ముక్కు మీద కోపం. నన్ను పక్కకు పిలిచి, "ఏమండీ, ఆపరేషన్ నేను బాగానే చేశానుగా? పక్క బెడ్డావిడ నడిచేస్తోంది, ఈవిడేమో లేవటం లేదు. మీరేం చేస్తున్నట్టు?" అన్నాడు. ఎంతమంది మొండివాళ్లనో నడిపించినవాణ్ని. నాకు చదువు చెప్పిన మనిషిని మంచం దింపలేకపోయాను.

ఆరోజు సాయంత్రం వరండాలో మనుమరాలు గోడకు ఆనుకొని ఏడుస్తోంది. "మా అవ్వ ఎవ్వరి మీదా ఆధారపడలేదు సార్. నేను చిన్నప్పుడు పడితే గూడ లేపకపోయేది. నువ్వే లెవ్వు అని ముంగట నిలబడేది. ఇప్పుడు నేను బతిమిలాడితే ముఖం అటు తిప్పుకుంటాంది. ఇట్లనే పోతదేమో సార్."

"పోదు బిడ్డా, నేనున్న గదా," అన్నాను. నేనుండి ఏం చేస్తున్నానో నాకే తెలియదు.

ఇంకొన్ని రోజులు చూసి డాక్టరు తేల్చి చెప్పేశాడు. "సోమవారం రౌండ్స్‌లో ఆవిడ లేచి నిలబడితే సరే. లేకపోతే డిశ్చార్జి రాసేస్తాను. ఇంట్లో మంచం మీదే చూసుకోమని వాళ్లబ్బాయికి చెప్పండి." కొడుక్కి కబురు వెళ్లింది. ఆయన అంబులెన్సు మాట్లాడుకున్నాడు, ఇంట్లో ముందు గది ఖాళీ చేసి మంచం వేయించాడు.

సోమవారం నేను చాలా ముందుగా వచ్చాను. రౌండ్స్ మొదలయ్యేలోపు కాళ్లు పట్టుకొనైనా ఒప్పించాలని నా ఆలోచన. వార్డులోకి వెళ్లి చూస్తే కిటికీ పక్క మంచం ఖాళీ. పక్కన ఆత్మకూరు అవ్వ మంచం కూడా ఖాళీ. మనుమరాలు స్టూలు మీద కూర్చొని, తల అవ్వ దిండు మీద ఆన్చి ఆదమరిచి నిద్రపోతోంది.

"సిస్టర్! పేషెంట్లేరి?"

సిస్టర్ పరుగెత్తుకొచ్చి చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. ఎక్స్‌రే గదికి పంపామా? లేదు. స్నానాల గదిలో? లేరు. లేవలేని మనిషి ఎక్కడికి పోతుంది? ఎవరో ఎత్తుకుపోయి ఉండాలి. కానీ ఇద్దరు ముసలివాళ్లను ఎవరెత్తుకుపోతారు? మనుమరాలు లేచి "అవ్వా! అవ్వా!" అని కేకలు పెట్టసాగింది. సరిగ్గా అప్పుడే కొడుకు దిగాడు. "మా అమ్మేది సార్?" అని అడిగితే ఏం చెప్పను? "నడిచిపోయినట్టుంది," అనడానికి నాకే నమ్మకం లేదు.

వరండాలో ఊడ్చే ఆమెను అడిగాను.

"ఇద్దరు అవ్వలు పోయిండ్రు సారూ. ఒకామె మూలలు ఇడిచిపెట్టి ఊడుస్తున్నవ్ అని తిట్టిపోయింది."

నా కాళ్లకు ప్రాణం వచ్చింది. తిట్టిపోయిందంటే టీచరే. పోయిందంటే కాళ్ల మీదే. ముందుకు పరుగెత్తాను. ఓపీ చీట్లు రాసే కిటికీ దగ్గర నేను సర్వీసులో ఎన్నడూ చూడని దృశ్యం కనిపించింది. రోజూ ఒకరి మీద ఒకరు పడే జనం, ప్రార్థనకు నిలబడ్డ బడిపిల్లల్లా ఒకరి వెనక ఒకరు చక్కగా వరుస కట్టి ఉన్నారు. కిటికీ వెనక కూర్చున్న గుమాస్తా నిశ్శబ్దానికి బెదిరి దిక్కులు చూస్తున్నాడు.

"ఎవరు నిలబెట్టిండ్రు మిమ్మల్ని?"

"ఒక అవ్వ," అన్నాడు వరుసలో మొదటివాడు, వరుస తప్పకుండా. "గేటు దిక్కు పోయింది."

గేటు దగ్గర సెక్యూరిటీ అతను చొక్కా గుండీలన్నీ మెడ దాకా పెట్టుకొని ఉక్కిరిబిక్కిరవుతున్నాడు. నేనడగక ముందే చేత్తో రోడ్డు పక్కకు చూపించాడు.

గేటు బయట మిర్చి బజ్జీల బండి. దాని ముందు బెంచీ మీద ఇద్దరు అవ్వలు పక్కపక్కన కూర్చొని ఉన్నారు. బెంచీకి రెండు వాకర్లు ఆనించి ఉన్నాయి. టీచర్ చేతిలో పేపరు ముక్క, దాని మీద సగం కొరికిన మిర్చి. నన్ను చూసి నమలడం ఆపింది. బడి ఎగ్గొట్టి దొరికిపోయిన పిల్ల ముఖం అచ్చంగా అలానే ఉంటుంది.

నాకు కోపం రావాలో, ఏడుపు రావాలో తెలియలేదు. "టీచర్! మీకు నడకొస్తదా?"

ఆత్మకూరు అవ్వే జవాబు చెప్పింది. "ఎప్పటిసందో నడుస్తాంది సారూ. దగ్గు వట్టినంక, మనుమరాలు ఏడ్చుడు ఇన్నంక భయపడ్డది. తెల్లారకముందే ఆ పిల్ల వేడినీళ్లకు పోతది గదా, గప్పుడు నేను లేపుతుంటి. ఎనక వరండాల ఇద్దరం తిరుగుతుంటిమి. ఇయ్యాల నన్ను ఇంటికి పంపుతుండ్రు. పోయేముందు నీకు మిర్చీలు తినిపిస్త రాయే పంతులమ్మా అని తోల్కొచ్చిన."

"మరి నాకెందుకు చెప్పలే? రెండు వారాలసంది నన్నెందుకు సతాయించిండ్రు టీచర్?"

టీచర్ వేళ్లు తుడుచుకుంది.

"నువ్వు ఒత్తులు మింగెటోనివి గదా. క్లాసుల అందరి ముందట నిన్ను ఎన్నడన్న లేపి సదివించిన్నా?"

ఆలోచించాను. లేదు. అందరినీ లేపేది, నన్ను లేపేది కాదు. మధ్యాహ్నం అందరూ తిని ఆడుకోవడానికి పోతే, నన్ను మాత్రం నీళ్ల కుండ పక్కన కూర్చోబెట్టుకొని చదివించేది. నేను తప్పు చదివితే మెల్లగా ఇంకోసారి అనేది, అంతే. అది శిక్ష అనుకున్నాను నేను. ఆటలు పోయాయని ఏడ్చేవాణ్ని. కొన్ని నెలలు గడిచాక ఒకనాడు క్లాసులో మొదటిసారి నా పేరు పిలిచింది. లేచి ఒక పేజీ మొత్తం తడబడకుండా చదివాను. పిల్లలంతా నోళ్లు తెరిచి చూశారు. ఆ రోజు గుర్తుంది. దాని వెనకున్న మధ్యాహ్నాలను మాత్రం నేను వేరే లెక్కలో వేసుకున్నాను.

"తప్పు సదివే పిల్లను పదిమంది ముందట లేపొద్దు బిడ్డా," అంది టీచర్. "లేపితే అక్షరం రాదు, సిగ్గొస్తది. నువ్వేమో పొద్దుగాల్నే వార్డంత ఇనవడెటట్టు టీచర్ లేవండి అని ఒర్రుతివి. ముంగట చూస్తే నా దగ్గర దెబ్బలు తిన్నోళ్లు పండ్లు వట్టుకోని నిలవడ్రి. కాళ్లు వణుకుతుంటే, గొర్రెపిల్ల లెక్క నేను గా నడుమ ఎట్ల లేవాలె? ఇంకో రెండు రోజులైతే తడవడకుంట నడుస్తుంటి. గప్పుడు నీకు అప్పజెప్తుంటి."

నా చదువులో ఈ పాఠం లేదు. కండరాల పేర్లన్నీ చెప్పారు. సిగ్గు ఏ కండరంలో ఉంటుందో ఎవరూ చెప్పలేదు.

"నా ముందట మస్తు సార్లు వడవోయింది సారూ," అంది ఆత్మకూరు అవ్వ, మూడో మిర్చి అందుకుంటూ. "నేనేమన్న అనుకుంటనా? కొత్తగ పుట్టిన దూడ గూడ గట్లనే లేస్తది."

"నన్ను దూడతోని వోల్చకని చెప్పిన్నా లేదా నీకు?"

అంతలోనే గేటులోంచి దండు దిగింది. ముందు డాక్టరు, వెనక సిస్టర్, కొడుకు, మనుమరాలు, వార్డుబాయ్, చీపురుతో ఊడ్చే ఆమె. వరుస చెడగొట్టుకొని ఓపీ జనం కూడా సగం వచ్చారు.

"ఏంటండీ ఇది!" డాక్టరు అరిచాడు. "ఆపరేషనైన పేషెంట్లు రోడ్డు మీద బజ్జీలు తింటున్నారా? ఎలా వచ్చారసలు? ఏదీ, నడవమనండి చూద్దాం!"

అందరి కళ్లూ ఆమె మీదే. నేను టీచర్ ముఖం చూశాను. ఇప్పటిదాకా మెరిసిన ముఖం చిన్నబోయింది. చేయి బెంచీని గట్టిగా పట్టుకుంది. "ఆటో పిలువు బిడ్డా," అంది నెమ్మదిగా నాతో. "కాలు గుంజుతాంది."

రెండు వారాలుగా విన్న అన్ని సాకుల్లోనూ ఆ ఒక్కటి నాకు అర్థమైంది.

"అందరూ అటు తిరగండి!" అన్నాను.

"ఏంటీ?" అన్నాడు డాక్టరు.

"గోడ దిక్కు తిరగండి సార్. కారణం తరువాత చెప్త. సిస్టర్, మీరు గూడ. అందరు తిరగాలె, అందరు!"

నా గొంతులో ఏం పలికిందో గాని, తిరిగారు. కాంపౌండు గోడ వైపు ముఖాలు పెట్టి డాక్టరు, సిస్టరు, కొడుకు, సెక్యూరిటీ, ఓపీ జనం. బజ్జీల బండివాడు గరిటె పట్టుకొని తన పొయ్యి వైపు తిరిగాడు. దారిన పోయేవాళ్లు ఇదేదో కొత్త ప్రార్థన అనుకొని వింతగా చూస్తున్నారు.

"నువ్వు గూడ," అంది టీచర్.

"టీచర్, నేను పట్టుకోవాలె. గది నా పని."

"ఈమె వట్టుకుంటది. నువ్వు తిరుగు."

తిరిగాను. వెనక నుంచి వాకర్ల చప్పుడు మొదలైంది. టక్... తరువాత చెప్పు అడుగు. టక్... మళ్లీ అడుగు. నా ఉద్యోగంలో పేషెంటు నడకను చెవులతో పరీక్షించింది ఆ ఒక్కసారే. మనుమరాలు పెదవి కొరుక్కుంటూ గోడనే చూస్తోంది. చప్పుడు గేటు దాకా పోయింది. అక్కడ ఆగిపోయింది.

పడిందా? తిరుగుదామా? ఎవరూ కదలలేదు. కొడుకు నా చెయ్యి పట్టుకున్నాడు.

అప్పుడు వినిపించింది. "నోట్లెది ఉమ్మేసి రా! దవాఖానల గుట్కా నములుతవా?"

ఎవరో పరుగెత్తిన చప్పుడు. తరువాత వాకరు మళ్లీ కదిలింది. టక్... అడుగు. టక్... అడుగు. అలా లోపలికి, వరండా మీదుగా, వార్డు దాకా వినిపించి సద్దుమణిగింది. మనుమరాలు ఏడుస్తూ నవ్వుతోంది.

"కుడికాలు మీద బరువు బాగానే వేస్తోంది," అన్నాడు డాక్టరు.

"మీకెట్ల తెలుసు సార్? మీరు గూడ తిరిగిండ్రు గదా?"

ఆయన చేతిలో ఫోన్ ఉంది. సెల్ఫీ కెమెరా పెట్టి భుజం మీదుగా మొత్తం చూశాడట. "సర్జన్ని అండీ, చూడకుండా ఎలా వదిలేస్తాను?" అన్నాడు. ఆ మాట టీచరుకు తెలియకూడదని నాతో ఒట్టు వేయించుకున్నాడు. అంబులెన్సును అక్కడి నుంచే వెనక్కి పంపేశారు.

టీచర్ ఇంకో నాలుగు రోజులుండి ఇంటికి వెళ్లింది. నెలన్నర తరువాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు వాకరు లేదు, చేతికర్ర మాత్రమే. వార్డు ఈ చివర నన్ను నిలబెట్టి, "ఇప్పుడు చూడు" అని, ఆ చివరి దాకా పోయి వచ్చింది. అన్ని మంచాలూ చూస్తుండగానే. ఎక్కడా తడబడలేదు. చివర్లో మాత్రం, "ఎట్లున్నది?" అని అడిగింది, మార్కులడిగిన పిల్లలా. "ఫస్ట్ క్లాస్ టీచర్," అన్నాను. "నీ నడకనే ఇంకా సక్కగ కాలేదు," అంది నా చెప్పుల వైపు చూసి.

ఆ తరువాత నేను రిటైరయ్యేదాకా ఎవరినీ వార్డు నడుమ కేకేసి లేపలేదు. మంచం చుట్టూ గుడ్డ తెర కట్టించాను, మొదటి అడుగులు వెనక వరండాలో వేయించాను. మీకు నేను చెప్పగలిగిన పెద్ద కిటుకు అదొక్కటే. అది కూడా నాది కాదు.

అవ్వలిద్దరూ ఆ తరువాత దోస్తులైపోయారు. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయ్యాక ఇక పట్టపగ్గాల్లేవు. ఒక నెల ఈమె ఆత్మకూరు పోయేది, ఒక నెల ఆమె కోస్గి వచ్చేది. కండక్టర్లను ఇద్దరూ కలిసి తిట్టేవాళ్లని మనుమరాలు ఫోన్‌లో చెప్పి నవ్వేది.

టీచర్ పోయిన ఏడు చలికాలంలో పోయింది. ఆదివారం ఆరాధనకు పోయి వచ్చి, తిని పడుకుంది, లేవలేదు. మట్టి చేసిన రోజు ఆ ఊరి దారి పొడుగునా మనుషులు. పాస్టరు ప్రార్థన చేస్తూ మధ్యలో తన దెబ్బ సంగతి చెప్పి ఏడ్చాడు. హెడ్ కానిస్టేబులు, సేటు, ఆటో అతను, నేను, అందరం ఇంటి ముందు కూర్చొని ఒకరి తరువాత ఒకరం అదే చెప్పుకున్నాం. ఎవరికి ఏ పద్యం రాక దెబ్బ పడిందో, ఎవరికి ఏ మాట నేర్పిందో.

ఆత్మకూరు అవ్వ బస్సు దిగి కర్ర పట్టుకొని వచ్చింది. ఏడవలేదు. మనుమరాలి పక్కన కూర్చొని, మా మాటలన్నీ విన్నది. కాసేపటికి సేటు మర్యాద కోసం అడిగాడు. "అవ్వా, టీచర్ నీకు గూడ అక్షరాలు నేర్పిందా?"

"నేర్పుతనన్నది," అంది అవ్వ. "మా ఇంటికొచ్చినప్పుడల్లా పలక వట్టుకోనొచ్చేది. నేనే వద్దన్న. నేర్చుకుంటే నన్ను గూడ మీలెక్క నిలవెట్టి తిడుతుండె. గప్పుడు నా ముందట గూడ నవ్వకపోతుండె, ఏడ్వకపోతుండె. ఊరంత ఆమెకు పిల్లలే ఉన్నరు బిడ్డా. దోస్తు ఒక్కతన్న ఉండొద్దా?"

మనుమరాలు ఆమె భుజం మీద తల పెట్టుకుంది. అవ్వ ఆ అమ్మాయి జుట్టు నిమురుతూ, "తిన్నవా లేదా పొద్దటిసంది?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా, అన్నం ఎక్కడుందో చూడ్డానికి కర్ర పట్టుకొని లేచి లోపలికి నడిచింది.